ఐసు బాబాయ్ డబ్బా

మా ల్యాబ్‌లో ఐసు బాబాయ్ ఎవరినీ "బాగున్నావా?" అని అడగడు. "ఐసు ఉందా?" అంటాడు. ఈ ఒక్క పిచ్చి తప్ప మనిషి బంగారం. ఆ బంగారాన్ని చూసే నాలుగేళ్లుగా నేను కుళ్ళుకుంటున్నాను.

మా పని మైటోకాండ్రియాతో. కణానికి శక్తి తయారుచేసి పెట్టేది అదే. కణాన్ని పగలగొట్టి దాన్ని బయటికి తీశాక, చల్లగా ఉంచకపోతే అందులోని ప్రొటీన్లు ముక్కలైపోతాయి. అందుకే ప్రతి బల్ల మీదా ఒక ఐసు డబ్బా. బాబాయ్ డబ్బాలో మాత్రం మైటోకాండ్రియా ఉన్న గొట్టాలతోపాటు పెన్నూ, కళ్లజోడూ కూడా చలికి వణుకుతుంటాయి.

"వేడి టీ ఇస్తే ఐసులో పెట్టుకుని తాగుతారు, నా ఖర్మ!" అని పిన్ని ఒకసారి నాతో వాపోయింది.

నవ్వుకుని ఏం లాభం? ఏ ప్రొటీన్ ఎంతుందో చూపే ఫిల్ము మీద ఆయన ప్రొటీన్లు కాటుకతో దిద్దినట్టు నల్లటి గీతలుగా వచ్చేవి. నావి ఎవరో చెరిపేసినట్టుండేవి. ల్యాబ్ నడిపే మేడమ్ అందరి ముందూ "గీత అంటే ఇదీ!" అన్నప్పుడల్లా నాకు కడుపు మండేది. ఆ మంటకు ఏ ఐసూ చాలదు.

కండరాలు నీరసించి నడవలేని రోగుల కణాల్లో ఒక మైటోకాండ్రియా ప్రొటీన్ తగ్గిపోతోందని నా అనుమానం. రుజువు చెయ్యబోయి రెండుసార్లు బోర్లాపడ్డాను.

"మూడోసారీ ఇంతే అయితే పని బాబాయ్‌కి అప్పగించెయ్," అన్నారు మేడమ్.

నా పని ఆయనకా? ఆ వారమంతా అన్నం సయించలేదు.

మూడోసారి గొట్టాలు డబ్బాలో పెట్టి టీకి బయల్దేరాను. ఫోను మరిచిపోయి వెనక్కి వస్తే, నా డబ్బాలో బాబాయ్ చెయ్యి!

"దొరికావు బాబాయ్! నా గొట్టాలతో నీకేం పని?"

"నీ ఐసు కరిగిపోయిందిరా. టీకెళ్తే గంటదాకా రావు. రెండుసార్లూ అలాగే పాడుచేసుకున్నావు."

"ముందే చెప్పొచ్చుగా!"

"నాలుగేళ్లుగా ఐసు ఉందా అని అడుగుతూనే ఉన్నా కదరా!"

అప్పుడు గుర్తొచ్చింది, ఐసు మెషిన్ పొద్దుటినుంచీ మొరాయిస్తోంది. ఆయన డబ్బాలోకి తొంగిచూశాను. ఉన్న ఐసంతా నా డబ్బాలో పోసేశాడు, మిగిలినవి నీళ్లే. పైన గొట్టాలు తేలుతున్నాయి, అడుగున కళ్లజోడు.

"అయ్యో, నీదంతా పోయిందిగా!"

"నాది మళ్లీ చేసుకోవచ్చు. నీకిదే ఆఖరు."

మర్నాడు నా ఫిల్ము మీద ఆరోగ్యవంతుల గీత దిట్టంగా, రోగుల గీత సన్నగా, స్పష్టంగా వచ్చాయి. "గీత అంటే ఇదీ! పని నీదే," అన్నారు మేడమ్. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బాబాయే.

మంచితనంలో కూడా ఆయనే ముందుంటే నేనెలా ఓర్చుకోను? ఇవాళ అందరికంటే ముందొచ్చి ఆయన డబ్బా నింపేద్దామనుకున్నాను. అప్పటికే నిండి ఉంది. నాది కూడా.