ఆవిడ పుట్టకముందు నాటి పొడి

మా ఆవిడ చేసే చెనక్కాయల పొడికి ట్రేడ్‌మార్కు తెచ్చింది నేనే. లాయరు లేడు, ఏజెంటు లేడు. మద్రాసు ఆఫీసులో నా అర్జీ చదివి ఇద్దరు అధికారులు లేచి నిలబడ్డారు. ఈ మాట చెప్పి చిత్తూరులో చాలా కాఫీలు తాగాను. కాగితం మీద పెడుతున్నాను గనక సరిగ్గా రాయాలి. ఎవరూ లేవలేదు. కౌంటరులో ఉన్నాయన తలైనా ఎత్తకుండా ముద్ర కొట్టి, తర్వాతి మనిషిని పిలిచాడు.

ముప్పై ఏళ్ళు తాలూకాఫీసు ముందు బల్ల వేసుకుని ఊరందరికీ అర్జీలు రాసినవాణ్ణి. నా పొట్టకూటికి నేను రాసుకోలేనా అన్నది నా పట్టుదల. మా పనిలో ఒక పద్ధతి ఉంది. అవతలివాడు ఎలాగూ తగ్గించి చదువుతాడు కాబట్టి మేం కాస్త పెంచి రాస్తాం. ఒక ఆవు చస్తే, పాడి మొత్తం పోయిందని రాస్తాం.

పొడి ప్యాకెట్ మీద ఉండే పేరు మా ఆవిడ ముద్దుపేరు. వాళ్ళ నాయన పెట్టింది, ఆయన ఒక్కడే పిలిచేవాడు. ఆయన పోయాక ఆ పిలుపు ప్యాకెట్ల మీదే మిగిలింది. పదేళ్ళుగా ఆ పేరుతోనే అమ్ముతోంది. అర్జీదారు కూడా ఆవిడే, నేను రాసిపెట్టాను, అంతే. ఈ పేరు ఎప్పటి నుంచి వాడుతున్నారు అని ఒక గడి ఉంది. పదేళ్ళు అని రాయడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు. మా అవ్వ కూడా పొడి కొట్టేది కదా అనుకుని, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది తేదీ వేశాను. ఆవిడ నా మీద నమ్మకంతో చూడకుండా సంతకం పెట్టింది.

కొన్ని నెలలకు ఆఫీసు నుంచి అభ్యంతరాల కాగితం వచ్చింది. ఈమెయిల్‌లో వచ్చింది, నేను పన్నెండు రోజులు ఆలస్యంగా చూశాను. ఒకటి, పలమనేరు అవతలి కంపెనీ ఒకటి దాదాపు ఇదే పేరుకు మాకంటే ముందు అర్జీ పెట్టింది, ఆరేళ్ళుగా వాడుతున్నామంటోంది. రెండు, మీరు అంత పాతవాళ్ళైతే ప్రమాణపత్రం, రుజువులు పంపండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వకపోతే అర్జీ వదులుకున్నట్టే. అది పోతే రేపు ఆ కంపెనీవాళ్ళు వచ్చి, ఆ పేరు ప్యాకెట్ మీద నుంచి తీసెయ్యమంటారు.

నేను భయపడలేదు. అబద్ధం, రెండు రోజులు అన్నం సయించలేదు. అయినా స్టాంపు పేపరు మీద ఆ పాత తేదీతోనే ప్రమాణపత్రం టైపు చేయించి, ఆవిణ్ణి చిత్తూరు కోర్టు ఎదురుగా ఉన్న నోటరీ దగ్గరికి తీసుకెళ్ళాను. నోటరీ పెన్ను అందించి, కాగితం మీద వేలు పెట్టి ఆగాడు.

"ఏమ్మా, నీ వయసెంత?"

"అరవై రెండు."

"ఈ పేరు ఎవురిది?"

"నాదే. మా నాయన పెట్టినాడు."

"మరి నువ్వు పుట్టకముందే నీ పేరుతో పొడి అమ్మినారని రాసుండాది. సూడు."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఏమయ్యా, ఇది నేను ప్రమాణం చేసేదే కదా?"

"అవును."

"తప్పని తేలితే జైలుకు పొయ్యేది యెవురు?"

నేను నోటరీ గోడ మీది క్యాలెండరు చూశాను. ఇల్లు చేరాక, "నిజం తేదీ రాయి. దానికి రుజువు నేను యెతుకుతా" అంది.

అప్పటికి తొమ్మిది రోజులు మిగిలాయి. మొదటి ఏళ్ళ బిల్లు పుస్తకాలు చెద పట్టి పోయాయి. ఆవిడకు పసుపు సంచులు గుర్తొచ్చాయి. మా వైపు పెళ్ళిళ్ళలో తాంబూలం పసుపు గుడ్డసంచిలో పెట్టి ఇస్తారు. ఒక పక్క పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లు, తేదీ. రెండో పక్క, అచ్చు వేయించిన వ్యాపారి ప్రకటన. మొదట్లో ఆవిడ నగరిలో మగ్గాల ఇళ్ళ పెళ్ళిళ్ళకు సంచులు తానే అచ్చు వేయించి, ఒక్కో సంచిలో ఒక పొడి ప్యాకెట్ పెట్టి ఇచ్చేది. మా ఇంట్లో మిగిలిన సంచులు ఏమయ్యాయని అడిగింది. వాటితో స్కూటరు తుడిచింది నేనే.

నగరికి వెళ్ళాం. మొదటి ఇంట్లో సంచి చిరిగిపోయింది. రెండో ఇంట్లో అచ్చు మొత్తం ఉతుకుల్లో పోయింది. మూడో ఇంట్లో అసలు లేదు. గడువుకు ఇంక మూడు రోజులు. నాలుగో ఇంట్లో మగ్గం పక్కన మేకుకు ఒక పసుపు సంచి వేలాడుతోంది.

"అమ్మా, ఆ సంచి ఇస్తావా?" అంది మా ఆవిడ.

"దాంట్లో కండెలు ఉండాయక్కా. కొత్త సంచి ఇస్తాలే, చిరుగు లేనిది."

"కొత్తది వద్దు, అదే కావాల."

ఆ ఇల్లాలు నా వైపు చూసి, "ఏం పెద్దాయనా, అక్కకు బాగుండాదా?" అంది. నూలు కండెలు చాపమీద కుమ్మరించింది. ఒక పక్క తొమ్మిదేళ్ళ కిందటి పెళ్ళి తేదీ. తిప్పితే, సగం వెలిసిన ఎర్ర అక్షరాల్లో వాళ్ళ నాయన పెట్టిన పేరు. మా ఆవిడ ఆ అక్షరాల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

సంచి ఫోటోలు, నిజం తేదీతో కొత్త ప్రమాణపత్రం, పాత తేదీ దిద్దుకుంటామని ఇంకో అర్జీ, అన్నీ కలిపి గడువు లోపల పంపాం. తర్వాత ఫోనులోనే, వీడియోలో విచారణ. ఫోనును పొడి డబ్బాకు ఆనించి కూర్చున్నాం. అధికారిణి అడిగింది ఒకటే. "ముందు ఒక తేదీ, ఇప్పుడు ఒక తేదీ. ఎందుకు?"

టైపు పొరపాటు అనే మాట నా నాలుక చివరదాకా వచ్చింది. మా ఆవిడ నా వైపు తిరగలేదు. సంచి మడతలు సర్దుతూ ఉంది.

"నేను పెంచి రాసినానమ్మా," అన్నాను. "ఆమెకు తెలీదు. నాకు అర్జీలన్నీ అట్లే రాసి అలవాటు."

అధికారిణి ఏదో రాసుకుని, "సంచి రెండు పక్కలా మళ్ళీ చూపించండి" అంది. చూపించాం. నిర్ణయం చెప్పకుండానే విచారణ ముగిసింది. అరగంట వాదించానని ఊళ్ళో చెప్పాను గానీ, అది అయిదు నిమిషాలు.

పద్దెనిమిది రోజులు నెట్‌సెంటరుకు తిరిగాను. పంతొమ్మిదో రోజు, అంగీకరించినట్టు కనిపించింది. ఇంకా నాలుగు నెలలు ఆగాలి, ఆలోగా పలమనేరు కంపెనీ అడ్డం పడొచ్చు. ఆ నెలల్లో మా ఆవిడ ఖాళీ కవర్ల కట్టలు, ఒక నల్ల స్కెచ్ పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. కవరు మీద పేరు కింద "తాతల కాలం నుంచి" అని నేను వేయించిన ముక్క ఉంటుంది.

"కొట్టెయ్. వాళ్ళు అడ్డం పడితే ఇదే సూపిస్తారు."

ఎవరూ అడ్డం పడలేదు. సర్టిఫికెట్ వచ్చినరోజు ఆవిడ వాడుక తేదీ గడి మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది, తర్వాత పేరు చదువుకుంది, పైకి.

రెండు వేల కవర్ల మీద ఆ తాతల కాలం ముక్క నేనే కొట్టేశాను. అబద్ధం, ఆరు వందలు. మిగతావాటి మీద ఆవిడే కొట్టేసింది.