ఖాజా సార్ చదివిన కాగితం

పోయిన వారం ఒక పొలం తగాదా పని మీద సర్వే ఆఫీసు రికార్డు గదికి వెళ్ళాను. అటెండరు ఎర్రగుడ్డ మూట ముడి విప్పగానే పాత కాగితం, కలరా ఉండలు, దుమ్ము కలిసిన వాసన గుప్పున వచ్చింది. నాకు కావలసిన నంబరు వెతకడం మరిచిపోయి కాసేపు అలాగే నిలబడ్డాను. ఆ వాసనకి నాకు గుర్తొచ్చింది ఆఫీసు కాదు, సముద్రం. సౌదీలోని యాన్బులో ఎర్రసముద్రం ఒడ్డున ఒక రేకుల క్యాంపులో, ఇలాంటి వాసనే వేసే ఒక కాగితాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్న ఖాజా సార్ గుర్తొచ్చారు.

రెండు వేల మూడు, నాలుగు ప్రాంతం. నేను యాన్బులో ఒక కాంట్రాక్టు కంపెనీలో సర్వేయరుగా చేరాను. ఖాజా సార్ మా చీఫ్ సర్వేయర్. నల్లగొండ మనిషి. మన సర్వే శాఖలో చాలా ఏళ్ళు పనిచేసి, ముగ్గురు కూతుళ్ళ చదువుల కోసం ఆ ఉద్యోగం వదిలి వచ్చారు. పొట్టిగా, బక్కగా ఉండేవారు. ఎంత ఎండలోనైనా చొక్కా చేతులు మడిచేవారు కాదు. చేరిన రోజు నన్ను చూసి “ఏ ఊరు?” అన్నారు.

“ఖమ్మం జిల్లా సార్.”

“జిల్లా అడగలే బేటా. ఊరడిగిన. జిల్లాలు మారుతయ్.”

మధిర దగ్గర మా ఊరి పేరు చెప్పాను. నాలుగు తరాల నుంచీ అక్కడేనా అని అడిగారు. అప్పుడు మొదటిసారి ఒక పరాయి మనిషికి మా ఇంటి సంగతి చెప్పాను. మా ఊళ్ళో మా ఇంటిపేరున్నది మా కుటుంబం ఒక్కటే. మా తాతని అయిదేళ్ళ వయసులో చంకనేసుకుని ముత్తవ్వ ఎక్కడినుంచో వచ్చింది. భర్త పోయాక మరుదులతో పడలేక వచ్చేసిందట. ఆ ఊరి పేరు తన ముందు ఎత్తొద్దని ఒట్టు పెట్టించుకుంది. కానీ తాతకి ఒక అక్క ఉండేది, అప్పటికే ఆమెకి పెళ్ళయి అత్తారింట ఉండటంతో అక్కడే ఉండిపోయింది. తాతకి ఆమె పేరు లచ్చక్క అని మాత్రం గుర్తు. చివరి రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో కూడా మా అమ్మని చూసి “లచ్చక్కా, వచ్చినవా” అనేవాడు. ఆ మాట మా నాన్న మనసులో ముల్లులా ఉండిపోయింది. నేను సౌదీ వెళ్ళే నాటికి నాన్నకి పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయింది. విమానం ఎక్కే ముందు కూడా ఆయన అడిగింది నా జీతం గురించి కాదు. “ఆ కాగితం చదివేవాళ్ళు ఎవరైనా దొరుకుతారేమో అక్కడ చూడరా” అన్నాడు.

ఆ కాగితం ముత్తవ్వ తెచ్చుకున్నది. ముత్తాత పేరున ఉన్న పొలం కాగితం. అంతా ఉర్దూ. ఎప్పుడో ఒక మున్షీ చదివి ఊరి పేరు కొండూరు, మధిర తాలూకా, వరంగల్ జిల్లా అని చెప్పాడు. మధిర తాలూకా అంతా నాన్న సైకిలు మీద తిరిగాడు. కొండూరు లేదు. ఖమ్మం కలెక్టరేటులో లేదన్నారు, వరంగల్ వెళ్తే మా జిల్లా కాదన్నారు.

మొదటి సెలవుకి వెళ్ళినప్పుడు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చాను. ఒక శుక్రవారం, నమాజు అయి వచ్చాక, ఖాజా సార్ మంచం మీద తెల్ల తువ్వాలు పరిచి దాని మీద కాగితం పెట్టారు. చేతులు రెండుసార్లు కడుక్కున్నారు. భూతద్దం పట్టుకుని అక్షరం అక్షరం చూశారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచారు.

“చూడు. ఇది కాఫ్ గాదు, గాఫ్. ‘క’ గాదు, ‘గ’. మీద ఇంకో గీత ఉన్నది, మడతల వోయింది. ఉర్దూల ‘ఒ’, ‘ఉ’ ఒక్కతీరే రాస్తరు. కొండూరు గాదు బేటా. గుండూరు.”

“మధిర తాలూకాలో గుండూరు కూడా లేదు సార్.”

ఆయన నవ్వి పెన్సిలు తీశారు. ఒక పెద్ద గీత గీసి, ఇటు నిజాం, అటు ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లా అని రాశారు. కృష్ణా జిల్లా మధ్యలో చిన్న సున్నాలు నాలుగైదు చుట్టారు.

“గీ ఊళ్ళు గూడ నిజాముయే. సుట్టూ ఇంగ్రేజోళ్ళు, నడిమిట్ల మనోళ్ళు. ఉండుడు ఆడ, లెక్క మధిర తాలూకాల. ఆజాదీ వచ్చినంక అన్నీ కృష్ణా జిల్లాల కలిపిన్రు. మీ నాయిన ఊరు వోయిందని తిరిగిండు. ఊరు యాడికీ వోలే. గీత జరిగింది.”

ఆ సాయంత్రమే హైదరాబాదులో తన పాత సహోద్యోగికి ఉర్దూలో ఉత్తరం రాశారు. మూడు నెలలకి జవాబు వచ్చింది. గుండూరు ఉంది. నందిగామ వైపు. మా ఊరి నుంచి బస్సులో గంటన్నర.

తమ్ముడు నాన్నని కారులో తీసుకెళ్ళాడు. ఆ రోజు క్యాంపు బయట టెలిఫోను బూత్‌లో కార్డు పట్టుకుని నేను, నా పక్కన ఖాజా సార్. లచ్చక్క పోయి ఇరవై ఏళ్ళయిందట. ఆమె కూతురు ఉంది. డెబ్భై దాటిన మనిషి. నాన్నకి వదిన అవుతుంది. నాన్న చేతిలో ఫోను ఆవిడే తీసుకుంది.

“అయ్యా, మా అమ్మ ఏ పెళ్ళికెళ్ళినా ముందు విడిదింట్లోకి పోయేది. మా పుట్టింటి ఇంటిపేరోళ్ళు ఎవరైనా వచ్చారా అని అడిగేది. అడిగీ అడిగీ పోయింది. ఇంత దగ్గరుండి ఎట్టా తెలవకుండా పోయిందయ్యా మాకు?”

ఆవిడ ఆ మాటే మళ్ళీ అంటుంటే రిసీవరు ఖాజా సార్ చెవి దగ్గర పెట్టాను. ఆయన విని, తల పక్కకి తిప్పుకున్నారు.

తిరిగి నడిచి వస్తుంటే అడిగాను, “మరి మీ ఊరేది సార్?” రెండేళ్ళలో ఆ మాట నేను ఒక్కసారీ అడగలేదు.

“సాగర్ డ్యాం కట్టినప్పుడు మునిగింది” అన్నారు. ఒడ్డున తడి ఇసుక మీద కూర్చుని వేలితో గీయడం మొదలుపెట్టారు. వాగు, బాట, మసీదు, ఒక్కొక్క పొలం నంబరు, ఆ పొలం ఎవరిదో పేరు. చివరికి తన తండ్రి గోరీ ఉన్న మూల వేలు పెట్టి ఆపేశారు. “మా అబ్బా ఈడున్నడు. నీళ్ళ కింద. నక్షాల ఇంక గా నంబరున్నది. పోదామంటే తొవ్వ లేదు.” అల వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం.

మరుసటి ఏడు నాన్న పోయాడు. గుండూరు నుంచి లచ్చక్క కూతురు వచ్చి వారం ఉండి వెళ్ళిందని అమ్మ చెప్పింది.

ఆ తర్వాత ఎండాకాలంలో, సైటులో ట్రైపాడ్ పక్కన కూర్చున్న ఖాజా సార్ మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఇంటికి పంపాలంటే కాగితాలకి వారాలు పడుతుందని తెలిసి, అక్కడే మట్టి చెయ్యడానికి ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. జనాజాతో శ్మశానం దాకా నడిచాను. లోపలికి మా క్యాంపులోని నిజామాబాద్ సలీం, మిగతావాళ్ళు వెళ్ళారు. ముస్లిములు కానివాళ్ళని లోపలికి రానివ్వరు కాబట్టి నేను గేటు బయట నిలబడ్డాను. గోడ మీది నుంచి చూస్తే లోపల అన్నీ ఒకేలాంటి మట్టిదిబ్బలు, తలవైపు ఒక్కొక్క మామూలు రాయి. ఏ రాయి మీదా పేరు లేదు. అక్కడ పేర్లు రాయరు.

రెండు రోజులకి ఆయన పెద్దకూతురు ఫోన్ చేసింది. చాలాసేపు ఏడ్చి చివరికి ఒక్క మాట అడిగింది.

“అన్నా, మా అబ్బా యాడున్నడు?”

మర్నాడు పొద్దున్నే సలీంని, కొలత టేపుని వెంటబెట్టుకుని వెళ్ళాను. అతను లోపల, నేను గేటు దగ్గర. గేటు స్తంభం నుంచి ఎన్ని అడుగులు, గోడ మూల నుంచి ఎన్ని అడుగులు, ఎన్నో వరుస, ఎన్నోది. అన్నీ రెండేసిసార్లు కొలిచాం. పొలం కాగితం రాసినట్టే తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు రాసి, నక్షా గీసి, ఆ అమ్మాయికి పంపాను. కొన్నేళ్ళకి ఆమె భర్త ఉమ్రా యాత్రకి వచ్చి యాన్బు దాకా వెళ్ళాడు. “కాగితం పట్టుకొని సీదా పోయి నిలబడ్డ అన్నా” అని ఫోనులో చెప్పాడు.

దాని నకలు నా బీరువాలో ఉంది. సౌదీ వదిలి చాలా కాలమైంది. మళ్ళీ నన్ను పిలిచే కంపెనీ లేదు, వీసా ఇచ్చే కారణమూ లేదు. అయినా ఒక్కసారి వెళ్ళాలని ఉంటుంది. లోపలికి పోనక్కర్లేదు. ఆ గేటు బయట నిలబడితే చాలు. అక్కడినుంచి ఆయన ఎన్ని అడుగుల దూరంలో ఉన్నారో నాకు తెలుసు.