రెండో గిన్నెలో వేసిన గింజ

1944 జూలై పదకొండు, మంగళవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. మా పాపకు జడ వేస్తున్నాను. చేతికి దాని మెడ కాలుతోంది. అప్పటికి దానికి ఆరేళ్ళ రెండు నెలలు.

మేము తిరుపతిలో ఉండేవాళ్ళం. మా ఆయన హైస్కూలు మాస్టరు. ఆ ఏడాది ఆయన గ్రీకు దేశపు స్టోయిక్కుల మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటి చదువుతూ, అర్థమైనంతవరకు తెలుగులో నోటుబుక్కులో రాసుకునేవారు. ఏథెన్సు పట్నంలో, బొమ్మలు వేసిన స్తంభాల మంటపంలో వాళ్ళు పాఠం చెప్పేవారట. 'స్టోవా' అనే ఆ మంటపం పేరే వాళ్ళకు వచ్చింది. వాళ్ళలో బానిస ఉన్నాడు, చక్రవర్తీ ఉన్నాడు. ఇద్దరిదీ ఒకటే పాఠం: మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో తేల్చుకో. లేనిదాని కోసం కుమిలిపోకు.

ఆయన దాన్ని ఇంట్లో ఆచారం చేశారు. రోజూ దీపం పెట్టే ముందు అరుగు మీద రెండు గిన్నెలు. ఆనాటి సంగతి ఒక్కొక్కదానికి ఒక చింతగింజ. చేతిలో ఉన్నది మొదటి గిన్నెలోకి, లేనిది రెండో గిన్నెలోకి. పాపకు అది ఆట.

"నాయనా, నా పాలు పిల్లి తాగేసినాది. యే గిన్నె?"

"నువ్వే చెప్పు."

"పిల్లి చేతిలో ఉండాది!"

ఆ మంగళవారం సాయంత్రం జ్వరం గింజ రెండో గిన్నెలో పడింది. డాక్టరు వచ్చి టైఫాయిడ్ అన్నాడు. ఆరో రోజు ఆదివారం, పక్కింటి కాంపౌండరు భార్య లోపలికి వచ్చి పాప కడుపు తడిమి చూసింది.

"ఏమ్మా, ఈడ కూర్చోని గింజలు లెక్కపెడతాండారా? పొద్దున రైలెక్కి పాకాల మీదుగా కాట్పాడి పోతే, ఆడినించి రాయవేలూరు పెద్దాసుపత్రి ఎంత దూరం? లేయండి!"

ఆమె వెళ్ళాక ఆయన్ను అడిగాను.

"రైలెక్కేది మన చేతిలో ఉండాది గదండీ?"

"ఎక్కితే తగ్గుతాదా? అది మన చేతిలో ఉండాదా?"

"లేదు."

"మరి!"

ఆ రైలు గింజనూ రెండో గిన్నెలోనే వేశారు.

మాది శ్రీవైష్ణవ కుటుంబం. మాలో రెండు పక్షాలు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది. పిల్లికూనను తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. దేవుడి ముందు మాది పిల్లికూన పక్షం, మన ప్రయత్నం ఏమీ లేదు, మోసేది ఆ దేవుడే అని. మా ఆయన గ్రీకువాళ్ళను కూడా ఆ కళ్ళతోనే చదివారు. ఆయనలో కఠినత్వం లేదు. రాత్రింబగళ్ళు పాప నుదుటి మీద తడిగుడ్డ మార్చింది ఆయనే. నేను రోజుకు నాలుగు సార్లు జ్వరం కొలిచి కాగితం మీద వేశాను. ఆ కాగితంలో ఒక్క తప్పు లేదు. రైలు సంగతి రెండోసారి మాత్రం అడగలేదు.

పదిహేడో రోజు గురువారం, సాయంత్రం నాలుగుంబావుకు పాప పోయింది. ఆయన ఏడవలేదు. నన్నూ ఏడవనివ్వలేదు. ఆ తరువాత అరుగు మీద గిన్నెలు పెట్టిందీ లేదు, మేము మాట్లాడుకున్నదీ లేదు, ఇంటికి కావలసినంత తప్ప.

1949లో బీరువా దులుపుతుంటే ఆ నోటుబుక్కు దొరికింది. రాత ఉన్న చివరి పేజీలో ఒక విలుకాడి సంగతి ఉంది. విల్లు బిగించడం, గురి చూడడం, బాణం వదలడం అతని పని. అందులో లోటు రాకూడదు. వదిలాక గాలి అతని చేతిలో లేదు. బాణం తగలకపోతే అప్పుడు కుమిలిపోనక్కరలేదు. స్టోయిక్కులు చెప్పింది ఇదీ. వాళ్ళు పిల్లికూనలు కారు.

నోటుబుక్కు తీసుకుని అరుగు మీదికి వెళ్ళాను.

"మనం బాణమే వదల్లేదండీ."

ఆయన తలెత్తలేదు.

"తారీఖు సూడు."

చూశాను. 1944 ఆగస్టు తొమ్మిది. పాప పోయిన పదమూడు రోజులకు.

"నీకు చెప్తే నువ్వు బతుకుతావా అని చెప్పలేదు," అన్నారు.

టైఫాయిడ్‌కు ఆ రోజుల్లో సరైన మందు లేదు. తీసుకుపోయి ఉంటే బతికేదని నేను చెప్పలేను. ఆ మాట నాకు ఒక్కరోజు కూడా పనికి రాలేదు.

పోయినవి ఇవి. పాప, ఒక్కతే. ఆమె చెప్పిన మర్నాడు సోమవారం నుంచి పాప పోయిన గురువారం దాకా, పొద్దుకొకటి చొప్పున మేము ఎక్కని రైళ్ళు పదకొండు. నోటుబుక్కులో ఆయన రాయకుండా వదిలేసిన పేజీలు నలభై మూడు. ఒకే అరుగు మీద, ఒకరికి తెలిసింది ఒకరికి చెప్పకుండా కూర్చున్న ఏళ్ళు ఐదు.