పెడ్లర్ అడవిలో ఆదివారాలు

థెల్మా బార్‌వెల్ రిటైరయ్యేదాకా బడి బస్సు నడిపింది. విక్‌లింగ్‌హమ్ అనే ఆ పల్లెలో ఇప్పుడు నడివయసులో ఉన్నవాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆమె బస్సులో వాంతి చేసుకున్నవాళ్లే. బట్టతల వచ్చిన రైతు ఎదురైనా సరే, "ఏరా, ఇప్పుడైనా ముందు సీట్లో కూర్చుంటున్నావా?" అని పలకరిస్తుంది. వాళ్లూ నవ్వి తలొంచుకుంటారు.

ఆమెకు స్నేహితురాలంటే ఒక్కతే, ఐరిస్ గాడ్‌ఫ్రే. చర్చిలో పక్కపక్కన కూర్చోవడంతో మొదలైన స్నేహం. ఇద్దరికీ పాట రాదు. ఒకరి గొంతు విని ఒకరు నవ్వాపుకోలేకపోతే పాదిరి వాళ్లని కళ్లెర్రజేసి చూశాడు. ఆ రోజు చర్చి అయ్యాక ఐరిస్ వాళ్ల అడవిలోకి నడిచారు. అప్పటినుంచీ అదే అలవాటైపోయింది. ఆదివారం ప్రార్థన, ఆ తర్వాత పెడ్లర్ అడవి.

ఆ అడవి ఐరిస్ మొగుడు రోలండ్‌కి వాళ్ల నాన్న నుంచి వచ్చింది. పెద్దదేమీ కాదు. ఓ పక్క హేజెల్ పొదలు, మధ్యలో పాత ఓక్ చెట్లు, అడుగున సన్నటి వాగు. ఏప్రిల్ చివర్లో నేలంతా నీలిరంగు బ్లూబెల్ పూలు పూస్తే కాలు పెట్టడానికి మనసొప్పదు. దాని పక్కనున్న రోడ్డు అక్కడితోనే ఆగిపోతుంది కాబట్టి కారు చప్పుడు కూడా వినిపించదు. థెల్మా బస్సులో వారమంతా పిల్లల గోల విని విని ఆదివారం అక్కడ అడుగుపెట్టగానే, "అబ్బ, చెవులు కడుక్కున్నట్టుందే," అనేది. ఐరిస్ ఫ్లాస్కులోంచి టీ పోస్తూ "కడుక్కో, కడుక్కో," అనేది.

రోలండ్ ముందు పోయాడు. తర్వాత థెల్మా భర్త డెనిస్. పంచాయతీ తోటల్లో పనిచేసేవాడు, మాట తక్కువ మనిషి. తన బూడిద శ్మశానంలో వద్దు, వాగు పక్కన ఓక్ కింద చల్లమన్నాడు. ఐరిస్‌ని అడిగితే, "అదేం ప్రశ్నే? నా అడవి నీది కాదా?" అంది. ఆ రోజు జల్లు పడుతుంటే థెల్మా చల్లింది, ఐరిస్ గొడుగు పట్టుకుని నిలబడింది. అంతా అయ్యాక ఐరిస్ ఆమె భుజం మీద చెయ్యేసి, "నేను బతికున్నంత కాలం ఈ చెట్టు జోలికి ఎవరూ రారు. పద, తడిసిపోతున్నావు," అంది.

థెల్మా ఆ మాటను పట్టుకుని ఉండిపోయింది. ఐరిస్ తుంటి ఎముక విరిగిన ఏడాది వాళ్లింట్లోనే సోఫా మీద పడుకుంటూ ఆమెకు అన్నీ చేసింది. స్నానం చేయించింది, తల దువ్వింది, కుంటుతున్న మనిషిని మొదటిసారి అడవి గేటుదాకా నడిపించింది. "ఇక చాల్లే, నా కాలు అరిగిపోయేట్టుంది," అని ఐరిస్ విసుక్కుంటే, "అరగనీ, పూలు చూడకుండా చస్తావా?" అని ముందుకు లాక్కుపోయింది.

ఓ ఫిబ్రవరి ఆదివారం చెట్ల మొదళ్లకి నారింజ రంగు పట్టీలు కనిపించాయి. ఎవరో స్ప్రే కొట్టారు. థెల్మా ఆగిపోయింది.

"ఏమిటే ఇవి?"

"తెగులట," అంది ఐరిస్ నడుస్తూనే. "చూసిపోయారు. రోగమొచ్చినవాటికి గుర్తు పెట్టారు."

ఆ చుట్టుపక్కల యాష్ అనే జాతి చెట్లన్నీ తెగులుతో చస్తున్న మాట నిజమే. థెల్మా నమ్మింది. కానీ వాగు దగ్గరికి వెళ్లేసరికి డెనిస్ ఓక్‌కి కూడా పట్టీ ఉంది.

"ఓక్‌కి కూడా వస్తుందా?"

ఐరిస్ ఫ్లాస్కు మూత తిప్పుతూ, "వస్తుందేమో మరి. నాకేం తెలుసు?" అంది. మూత ఎంతకీ రాలేదు. థెల్మా అందుకుని తీసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం థెల్మా ఆ చెట్టు దగ్గర కాసేపు ఎక్కువ నిలబడేది. ఏప్రిల్‌లో చిగుళ్లు బాగానే వచ్చాయి. "చూడవే, కోలుకుంటోంది," అని సంబరపడింది. ఐరిస్ "ఊఁ" అంది.

మే నెలలో ఓ ఆదివారం ఐరిస్‌కి జలుబు చేసింది. థెల్మా ఒక్కతే వెళ్లింది. అడవిలో మనిషి గొంతులు వినిపిస్తే మొదట భయపడింది. చూస్తే హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు నేలమీద కర్రలు పాతి తాడు కడుతున్నారు. వాళ్లలో గడ్డమున్నతని పేరు గారెత్.

"తెగులు చెట్లు కొట్టడానికొచ్చారా బాబూ?" అంది థెల్మా.

"తెగులేమిటమ్మా? ఇవి నిక్షేపంగా ఉన్నాయి." చేతిలో కాగితం చూపించాడు. "చెక్క గదులొస్తున్నాయి. పట్నాల్లోంచి జనం రెండ్రోజులు ప్రశాంతంగా ఉండి పోవడానికి. కార్లు ఆపుకునే చోటు అక్కడ, దారి ఇటునుంచి."

దారి అంటూ అతను చెయ్యి చూపించింది ఓక్ వైపు.

"ఇది గాడ్‌ఫ్రే వాళ్ల అడవి. ఎవరో పొరపాటు పడుంటారు."

గారెత్ ఆమె మొహం చూసి కాగితం మడిచాడు. "పోయిన శరదృతువులోనే అమ్మేశారు కదమ్మా ఆవిడ. పక్షులు గూళ్లు కట్టే కాలంలో కొట్టకూడదని ఆగాం. సెప్టెంబరులో కొట్టుడు మొదలు."

థెల్మా తిరిగి నడిచింది. పోయిన శరదృతువు. అంటే క్రిస్మస్‌కి ముందు ఇద్దరూ ఇక్కడ పండగ అలంకరణకి హాలీ అనే చెట్టు కొమ్మలు కోసుకున్నప్పటికే ఇది ఐరిస్‌ది కాదు. మంచులో జారి పడబోతే ఐరిస్ చెయ్యి పట్టుకున్నప్పుడూ కాదు. ఇన్ని వారాలు పక్కన నడిచింది, టీ పోసింది, తను తెగులని బాధపడుతుంటే చూస్తూ ఊరుకుంది.

నేరుగా ఐరిస్ ఇంటికి వెళ్లింది. ఐరిస్ వంటింట్లో రూబార్బ్ కాడలు ముక్కలు కోస్తోంది. ముక్కు ఎర్రగా ఉంది, జలుబు నిజమే. థెల్మా కోటు విప్పలేదు.

"చెట్లకి తెగులు లేదట."

ఐరిస్ కత్తి కింద పెట్టింది. "కూర్చో," అంది.

"నిలబడే వింటాను."

"ఈ ఇల్లు నావల్ల కావట్లేదే. కప్పు కారుతోంది, తోట చూసేవాడు లేడు. అక్క సౌత్‌వోల్డ్‌లో ఒక్కతే ఉంది. అక్కడికి పోదామనుకున్నాను. నీతో చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో. నువ్వేమో ఆ చెట్ల మధ్య నిలబడి చెవులు కడుక్కున్నట్టుందంటావు. ఎలా చెప్పమంటావు?"

"నోటితో. ఇప్పుడు చెప్పినట్టు."

ఐరిస్‌కి కోపమొచ్చింది. తప్పు తనదైనప్పుడు వచ్చే కోపం. "సరే, నోటితోనే చెబుతా విను. ఆ అడవంటే నాకెప్పుడూ పడదు. చెమ్మ, బురద, దోమలు. రోలండ్ పిలిచినా నేను పోయేదాన్ని కాదు. నీకోసం పోయాను, నీకిష్టమని."

థెల్మాకి ఇది మొదటిదానికన్నా గట్టిగా తగిలింది. "ఇన్నేళ్లూనా?"

"నువ్వెప్పుడైనా అడిగావా?"

థెల్మా అడవి ఉన్నవైపు తల తిప్పింది.

"అక్కడ డెనిస్ ఉన్నాడు. నువ్వే గొడుగు పట్టావు. నువ్వే మాటిచ్చావు."

ఐరిస్ కళ్లు దించుకుంది. "ఆ ఒక్క చెట్టూ వదిలెయ్యమని అడిగాను. బతిమాలాను. వినలేదు వాళ్లు. దారి అక్కడినుంచే పోవాలన్నారు."

థెల్మా ఇంటికి వచ్చి రెండు మూడు రోజులు గుమ్మం దాటలేదు. కోపం పోలేదు కానీ ఆ చివరి మాట కాస్త ఊరటనిచ్చింది. పోనీలే, కనీసం అడిగింది. ఇల్లు కారుతుంటే ఎవరైనా ఏం చేస్తారు? తను కూడా ఎప్పుడూ అడగలేదు, ఇష్టమా అని. ఇలా తనకు తనే నచ్చజెప్పుకుంటూ, తను కూడా ఓసారి వాళ్లని బతిమాలి చూద్దామని మళ్లీ అడవికి వెళ్లింది.

గారెత్ ఆమెని గుర్తుపట్టి చెక్క పెట్టె మీద కూర్చోబెట్టాడు. చెట్టు సంగతి, దాని కింద డెనిస్ సంగతి అంతా విన్నాడు. హెల్మెట్ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇప్పుడిక కుదరదమ్మా. అనుమతులన్నీ ఆ గీత మీదే వచ్చాయి."

"గాడ్‌ఫ్రే గారు అడిగినప్పుడు కూడా ఇదే అన్నారట."

"ఆవిడెప్పుడడిగారు?"

"అమ్మేటప్పుడు. ఈ చెట్టు వదిలెయ్యమని."

గారెత్ ఏదో గుర్తుతెచ్చుకోవడానికి చూశాడు. "ఆవిడతో తిరిగి కొలతలు తీసుకుంది నేనేనమ్మా. చెట్ల మాటే రాలేదు. అప్పటికి దారి ఎటో మేమూ అనుకోలేదు, గీత గీసింది జనవరిలో." ఆగి, చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, చెప్పేశాడు. "అప్పుడు ఒక్క మాట అనుంటే పక్కకి జరిపేవాళ్లం. నేలేం ఎత్తుపల్లాలుగా లేదు కదా."

థెల్మా అతనికి కృతజ్ఞతలు చెప్పి లేచింది. మనిషి మంచివాడు, అబద్ధమాడాల్సిన పనేముంది అతనికి?

ఆ రోజునుంచి ఐరిస్ ఇంటివైపు వెళ్లలేదు. చర్చిలో వెనక బల్లకి మారింది. ఊళ్లో కొందరు థెల్మానే తప్పుబట్టారు. "ఆవిడ అడవి, ఆవిడిష్టం. చెట్టుకోసం మనిషిని వదులుకుంటారా?" అంది పోస్టాఫీసు బ్రెండా. థెల్మా స్టాంపులు తీసుకుని వచ్చేసింది. చెట్టు కోసం కాదని చెబితే మిగతాదంతా చెప్పాలి.

సెప్టెంబరులో రంపాల చప్పుడు ఊరిదాకా వినిపించింది. ఆ వారం థెల్మా రేడియో పెద్దగా పెట్టుకుని ఉంది. ఓక్ ఏ రోజు పడిందో ఆమెకు తెలియదు, ఎవరినీ అడగలేదు.

నవంబరులో ఐరిస్ సామాను లారీ ఎక్కింది. వెళ్లేముందు థెల్మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. మనిషి సన్నబడింది. చేతిలో ఏమీ తేలేదు.

"చెప్పకుండా పోతే బాగోదని వచ్చాను."

"అడిగానన్నావు," అంది థెల్మా. "బతిమాలానన్నావు."

ఐరిస్ పెదవులు కదిలాయి. తప్పించుకోవడానికి ఏదైనా అంటుందేమోనని థెల్మా ఎదురుచూసింది. అంటే నమ్మేదేమో కూడా.

"అడుగుదామనే అనుకున్నానే," అంది ఐరిస్ మెల్లగా. "ఆ రోజు వానగా ఉంది. తొందరగా ఇంటికి పోదామనిపించింది. తర్వాత అడగొచ్చులే అనుకున్నాను. తర్వాత మర్చిపోయాను."

మర్చిపోయింది. పగబట్టి చేసినా ఇంతకన్నా తేలికగా ఉండేదనిపించింది థెల్మాకి. "దారిలో జాగ్రత్త," అని తలుపు వేసింది. గట్టిగా వెయ్యలేదు. లారీ మలుపు తిరిగేదాకా తలుపు వెనకే నిలబడి ఉంది.

మరుసటి ఏడు బడి వంటావిడ మార్జరీ థెల్మాతో ఆదివారాలు నడవడానికి వస్తానంది. ఇద్దరూ బస్సెక్కి పక్క ఊరి అడవికి వెళ్లారు. పూలు అక్కడ కూడా బాగానే పూశాయి. మార్జరీ ఓ చోట ఆగి, "ఎంత హాయిగా ఉందో," అంది.

థెల్మా ఆమె బూట్లకంటిన బురద వైపు చూసింది. "నిజంగానా? నచ్చకపోతే ఇప్పుడే చెప్పు. ఏమీ అనుకోను."

"అయ్యో, నిజంగానే."

కొంచెం దూరం నడిచాక థెల్మా మళ్లీ అడిగింది.