గౌస్ జేబులో పడిన ఐదు రియాళ్ళు

గౌస్ మొహియుద్దీన్‌ది రాయచోటి దగ్గర పల్లె. ఖతర్‌లో, అల్ సద్ అనే పేటలో ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరు. తొంభై ఆరులో మేమిద్దరం పక్కపక్క ఇళ్ళలో పనిచేసేవాళ్ళం. ఎండలో నడిచేవాళ్ళెవరు కనబడినా బండి ఆపి ఎక్కించుకునేవాడు. ఛార్జీ మాత్రం ఎవరి దగ్గరా తీసుకోడు. ఇంటి కారులో కిరాయి వేస్తే వీసా పోతుందనే భయం ఒకటి, అది దేవుడు అప్పజెప్పిన పని అనే నమ్మకం ఒకటి.

హనుమక్కది కూడా మా వైపే. రెండు వీధుల అవతల ఇంట్లో వంటమనిషి. ప్రతి శుక్రవారం ఊరికి ఫోను చేసుకోవడానికి గౌస్ బండిలోనే టెలిఫోను ఆఫీసుకు వచ్చేది. టాక్సీకని వాళ్ళ ఇంటమ్మ ఇచ్చే ఐదు రియాళ్ళను అతనికి ఇవ్వబోయేది.

"టాక్సీకని ఇచ్చిన దుడ్లు నాయనా. నేను దాపెట్టుకుంటే దొంగతనం కాదా?"

"అయితే నడిచి పో అక్కా, పుణ్యమన్నా వస్తాది" అని నవ్వేవాడు గౌస్.

ఒక శుక్రవారం నేనూ వెంట ఉండగా, ఆఫీసు ముందు బండి ఆగగానే పోలీసు వచ్చి లైసెన్సు అడిగాడు. గౌస్ తీసి ఇస్తున్నాడు. పోలీసు ఎదుట కాదనలేడనుకుందేమో, హనుమక్క వెనక సీట్లోంచి వంగి నోటును అతని చొక్కా జేబులో కుక్కింది.

"ఈపొద్దు యాడికి తప్పించుకుంటావు!" అంటూ నవ్వుకుంటూ దిగిపోయింది.

పక్క సీట్లో ఉన్న నేను పోలీసు ముఖం వైపు చూశాను.

"టాక్సీ?" అన్నాడు పోలీసు, జేబు వైపు చూపిస్తూ.

"మాఫీ టాక్సీ, మాఫీ!" టాక్సీ కాదు, కాదని అరబీలో అంటూ గౌస్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. పోలీసు బండి నంబరు రాసుకున్నాడు.

మూడో రోజు గౌస్ గదికి వెళ్తే పెట్టె సర్దుకుంటున్నాడు. ఇంటాయనకు స్టేషను నుంచి కబురొచ్చిందట. వీసా రద్దు, మర్నాడే ప్రయాణం. ఎనిమిదేళ్ళ నౌకరీ! నేను మంచం అంచున కూర్చుని అడిగాను.

"ఎన్నడూ తీసుకోలేదని చెప్పలేదా?"

"చెప్తే ఆ ఆడమనిషి ఎవరు, పిలవమంటారు. టాక్సీలో పోతాందని ఆ ఇంటోళ్ళు అనుకుంటాండారు. పరాయి డ్రైవరు బండిలో తిరిగిందంటే పనిలో పెట్టుకుంటారా? పోయేదేదో నేనొక్కణ్ణే పోతా."

"ఆమెకన్నా చెప్పొద్దా?"

"చెప్తే ఆ పిచ్చిది నేరుగా స్టేషనుకే పోతాది. నువ్వు నోరు మూసుకోని ఉండు."

శుక్రవారం హనుమక్క వీధి మూలన ఎదురుచూస్తూ నిలబడింది. నేను వెళ్ళి ఆమె కోసం టాక్సీని ఆపాను.

"గౌస్ యాడప్పా?"

"ఊరికి పోయినాడక్కా."

ఆమె టాక్సీ తలుపు తీసింది.

"నాకొక మాట చెప్పకుండానే పోయినాడా!"

టాక్సీ అతను మీటరు తిప్పాడు.