అచ్చంపేట బస్సులో తైవాన్ పాట

అచ్చంపేట బస్సులో పక్క సీటు అమ్మాయి తన ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టింది. ఏదో తెలియని భాష, గిటారు.

"తైవాన్ బ్యాండక్కా. వాళ్ల అవ్వల భాషల పాడ్తరు. ఎన్కట బడిల గా భాష మాట్లాడితే జుర్మానా ఏసేటోళ్లంట. గిప్పుడు గదే పాటకు అందరు ఎగురుతాండ్రు!"

ఇంతలో ఆమె పనిచేసే కాల్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది. "తప్పకుండా వస్తానండి మేడమ్, క్షమించండి" అంది, అచ్చం మా గుంటూరు పిల్లలా.

ముచ్చటేసింది. "ఎంత చక్కటి తెలుగు మాట్లాడావమ్మా!" అన్నాను.

ఆమె ముఖం మాడిపోయింది. "ఆడ మా మాట ఒక్కటి దొర్లినా జీతం కోస్తరక్కా. మాకు గా జుర్మానా ఇంకా పోలే."

నా చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేసుకుంది. ఆ బ్యాండు పేరు అడగడానికి నాకిక మొహం చెల్లలేదు.