సామేలు మామ కుడి మోకాలు

మదనపల్లె మిషన్ కాంపౌండులో పాత క్వార్టర్లు పడగొడుతున్నారని తెలిసి, మా సామాను ఏమన్నా మిగిలిందేమో చూసుకుందామని పోయిన నెల పోయినాను. ఏముంటుంది నా మొహం, తలుపులు కూడా పీక్కుపోయినారు. వంటింటి గోడగూట్లో మాత్రం, సున్నం పెళ్లల కింద, మట్టిరంగు గాజుసీసా ఒకటి అడ్డంగా పడి ఉంది. బిరడా తీసేసరికి గుప్పున కొట్టింది వాసన. కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనె, టర్పెంటైను, వాటన్నిటి అడుగున ఆముదం జిడ్డు. మా నాయన ఆ ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు, బెణుకులకీ వాపులకీ ఆ తైలం తనే కలుపుకునేవాడు. ఇంకొకరికైతే ఆ వాసనకి కీళ్లనొప్పులు గుర్తొస్తాయి, నాకు రగ్బీ గుర్తొస్తుంది. నవ్వుకుంటే నవ్వుకోండి, మా కాంపౌండులో పెరిగినవాళ్లకి అంతే.

నేను పుట్టకముందెప్పుడో సముద్రాలు దాటి వచ్చిన డాక్టరు దొర ఒకాయన, సాయంత్రాలు తోచక, కాంపౌండు పిలకాయలకి ఆ కోలబంతి ఆట నేర్పించి, కొన్నేళ్లకి తన దేశం తాను వెళ్లిపోయినాడంట. బంతి మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. ఊరంతా క్రికెట్టు ఆడుతుంటే మేము ఆసుపత్రి వెనకాల ఎర్రమట్టి గ్రౌండులో నీలగిరి కొయ్యలు పాతుకోని, బంతిని చంకలో ఇరికించుకోని, ఒకరి మీద ఒకరు పడి దొర్లేవాళ్లం. ఊళ్లోవాళ్లు బొప్పాయి ఆట అని ఎగతాళి చేసేవాళ్లు. చలికాలం పొద్దున మంచు దిగి ఎదురుగా ఉన్న కొండే కనపడకుండా పోయినప్పుడు, కాళ్లు కొంకర్లు పోతుంటే, నోట్లోంచి పొగలు వదులుతా ఆడేవాళ్లం. ఎండాకాలం టమోటా బండ్లు మార్కెట్టుకి పోతా రోడ్డంతా పులుపువాసన నింపినప్పుడు, రాలిన కాయలు ఏరుకోని, గౌనుకి తుడుచుకోని కొరుకుతా ఆడేవాళ్లం. శెనక్కాయలు పీకే కాలంలో పచ్చికాయలు మట్టితో సహా నములుతా ఆడేవాళ్లం. ఆడపిల్లకి ఈ దొర్లుడేందని అమ్మ తిట్టేది. నాయన వాచిన చోట తైలం రుద్దేవాడు.

పిల్లలకి ఆట ఎంతో, పెద్దవాళ్లకి ఆ ఆట మీద వాదన అంత. పుంగనూరులో పి.టి. మాస్టరుగా చేసి రిటైరయిన దేవదానం తాత, ప్రతి శుక్రవారం బస్సెక్కి మా కాంపౌండు ప్రార్థనకి వచ్చేవాడు, బైబిల్లో పేపరు ముక్కలు మడిచిపెట్టుకోని. ఆసుపత్రి కాంపౌండరు యోనా తాత ఇంకో పక్క. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. మన దేశం జట్టు బయటి దేశంతో ఆడబోతుందంటే చాలు, ఎవర్ని తీసుకోవాల, ఎవరు ఫామ్‌లో ఉండారు, ఎవరి పని అయిపోయింది అని నెలముందే రచ్చ మొదలు. వాళ్లు ఒక్క మ్యాచన్నా కళ్లారా చూసిన పాపాన పోలేదు. టీవీలో రాదు, రేడియోలో చెప్పరు, పేపర్లో వేలెడంత వార్త, బెంగుళూరు నుంచి ఎవరో మోసుకొచ్చిన కబురు, అంతే ఆధారం. అయినా ఆ వాదన వింటే ఇప్పుడే గీత పక్కన నిలబడి చూసొచ్చినట్టుండేది. ఒక శుక్రవారం ప్రార్థన గదిలోనే ఇద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. పాస్టరయ్యగారికి ఒళ్లు మండిపోయి, "ఇంక ఈ గదిలో ఆట మాట ఎత్తితే ఊరుకునేది లేదు. ఈడ మాట్లాడితే దేవుడితోనే మాట్లాడాల" అని తేల్చేసినాడు.

అబ్బో, ఆ మాట అనకుండా ఉండాల్సింది. సరేనని ఇద్దరూ దేవుడితోనే మాట్లాడటం మొదలుపెట్టినారు.

దేవదానం తాత కళ్లు గట్టిగా మూసుకోని, "కృపగల తండ్రీ, మా సామేలుకి అంత వేగం ఇచ్చినందుకు స్తోత్రం. సెలెక్టర్ల కండ్లకి పొరలు కమ్మి ఉండాయి, తీసెయ్యి నాయనా. ఇప్పుడు ఆ జాగాలో ఆడే పిలగాడు చేతికొచ్చిన బంతిని జారవిడుస్తాండాడు, నీకు తెలియనిది ఏముండాది" అని ఎత్తుకునేవాడు. ఆయన ఆమెన్ అనీ అనకముందే యోనా తాత అందుకునేవాడు. "ప్రభువా, మనోడని తూకం తప్పే నాలుకల్ని క్షమించు. ఉరుకుడొకటే చాలదని, అడ్డమొచ్చినోణ్ని పట్టి పడేసే దమ్ము కూడా కావాలని నీ దాసుడికి బుద్ధి దయచెయ్యి." ఎవరి ప్రార్థనకి ఆమెన్లు గట్టిగా పడితే ఆ వారానికి వాళ్ల జట్టు నెగ్గినట్టు. పిల్లలం వేళ్ల సందుల్లోంచి చూస్తా, నవ్వు ఆపుకోలేక చాప కొస కొరుక్కునేవాళ్లం. పాస్టరయ్యగారు మాత్రం ఏం చేస్తాడు? ప్రార్థనకి ఎవరు అడ్డం పడతారు? ప్రార్థనలో అన్నమాటని తప్పు పట్టేదానికి లేదు, బయటికొచ్చినాక ఎత్తి దెప్పేదానికీ లేదు, అది మా కాంపౌండు కట్టుబాటు. ఆ తర్వాత టీలు, కరకరలాడే నిప్పట్లు, వేయించిన బొరుగులు, క్రిస్మసు దగ్గరికొస్తే కజ్జికాయలూ గులాబీ పువ్వులూ వస్తే, ఇద్దరు తాతలూ ఒకే పళ్లెంలో చేతులు పెట్టి తినేవాళ్లు.

ఆ సామేలు మా మామే. మా అమ్మకి తమ్ముడు, మా అవ్వకి ఆఖరి బిడ్డ. మా క్వార్టర్లోనే, నాయన చేతి కింద పెరిగినాడు. పక్కగీత పొడుగునా బంతి పట్టుకోని ఉరికేవాడి జాగాని వింగ్ అంటారు, మామది ఆ జాగా. బంతి చేతికొచ్చిందంటే గ్రౌండు చుట్టూ ఉన్న నర్సమ్మలూ రోగుల బంధువులూ కూడా లేచి నిలబడాల్సిందే. చదువు అబ్బలేదు, చేతిలో వేరే పని లేదు, ఉన్నదంతా ఆ రెండు కాళ్లే. ఒక్కసారి దేశం చొక్కా తొడుక్కుంటే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందని అందరూ అనేవాళ్లు. ఆ ఏడు శ్రీలంకతో మ్యాచికి బెంగుళూరులో క్యాంపు పెడితే, మామని పిలిచినారు. అవ్వ సంతోషానికి అవధి లేదు, కనపడిన గోడకల్లా చెప్పుకునింది.

క్యాంపు మధ్యలో నాలుగు రోజులు సెలవని మామ ఇంటికొచ్చినాడు. సెలవు కాదు, కుడి మోకాలు మెలికపడింది. ఆ సంగతి ఇంట్లో నాయనకి ఒక్కడికే చెప్పినాడు. సాయంత్రం పూట కట్లుకట్టే గదికి వేణ్నీళ్ల చెంబు మోసుకుపోయిన నాకు తెలిసింది. డాక్టరు ఆ మోకాల్లోంచి సూదితో నీళ్లు తీసి, "ఇంకొక తూరి ఇట్లా మెలికపడిందంటే ఈ కాలు ఇంక సాగదు" అని చెప్పి వెళ్లిపోయినాడు. మామ నాయన చెయ్యి పట్టుకున్నాడు.

"నోరు మెదపబాక బావా. ఒక్క మ్యాచి. ఆ చొక్కా ఒక్కసారి ఒంటిమీద పడితే చాలు. ఆమీద కాలు ఏమన్నా కానీ."

నాయన తైలం రుద్దుతానే ఉన్నాడు. "కాలు ఏమన్నా అయితే ఆ ఉద్యోగానికి ఎట్లా పోతావురా, పాక్కుంటా పోతావా?" అన్నాడు.

మోకాలి సంగతి ఎట్లో గాలికి పొక్కినట్టుంది, శుక్రవారం పొద్దున సెలెక్టర్లలో ఒకాయన బెంగుళూరు నుంచి కారులో దిగినాడు. పొడుగాటి మనిషి, నెమ్మదైన మాట, ఆయనా మనవాళ్లేనని, ప్రార్థన చేసుకునే మనిషేనని దేవదానం తాత ముందే కనుక్కున్నాడు. ఒకసారి ఉరికి చూపించమంటే, మామ పొడుగు ప్యాంటు వేసుకోని వచ్చినాడు. దాని కింద నాయన బిగించి కట్టిన కట్టు ఉంది. ఉరికినాడు చూడండి! నాకు తెలిసి అంత అందంగా ఆయన ఎప్పుడూ ఉరకలేదు. సెలెక్టరాయన తలూపి, మధ్యాహ్నానికి వెళ్లిపోతానన్నాడు. నాయన డ్యూటీకి పోయినాడు. మధ్యాహ్నం మామ కుంటుకుంటా వచ్చి కట్టు విప్పించుకుంటే, లోపల మోకాలు లేదు, నున్నగా మెరిసే వాపు ఉంది. నాయన దాన్ని చూసి కుర్చీలో కూలబడినాడు.

సెలెక్టరాయన మధ్యాహ్నం పోలేదు. దేవదానం తాత పట్టుబట్టి ప్రార్థనకి నిలిపేసినాడు. ఆ సాయంత్రం గదిలో ఎన్నడూ లేని వింత జరిగింది. యోనా తాత కూడా మామ పేరే ఎత్తి ప్రార్థించినాడు, "తండ్రీ, వాడిమీద నాకు ఉండిన అనుమానం తీసేసినావు, స్తోత్రం" అని. ఆమెన్లతో పైరేకులు అదిరినాయి. నేను ఎప్పటిలాగా వేళ్ల సందుల్లోంచి చూడబోతే, పెద్దమనిషి ముందర పరువు తీస్తానని అవ్వ తన అరచేత్తో నా కళ్లు కప్పేసింది. నాయన డ్యూటీ దిగి ఆలస్యంగా వచ్చినాడని వాసనని బట్టి తెలిసింది. వెనకాల, చెప్పులు విడిచే చోట మోకరించినట్టున్నాడు. ఇంకెవరన్నా ప్రార్థిస్తారా అని అయ్యగారు అడిగితే, పుట్టి బుద్ధెరిగి నలుగురిలో నోరు తెరిచి ప్రార్థించని మా నాయన గొంతు వినపడింది.

"ప్రభువా, మా సామేలు కుడి మోకాలు వాచి ఉండాది. డాక్టరు నీళ్లు తీసినాడు. ఇంకొక తూరి మెలికపడితే కాలు సాగదంట. వాడు నీ బిడ్డ, నా బిడ్డ. వాడి కాలు కాపాడు తండ్రీ."

ఆమెన్ అన్న నాథుడు లేడు. సెలెక్టరాయన టీ తాగి, నిప్పట్టు ఒకటి తిని, అందరికీ చేతులు జోడించి కారెక్కినాడు. జట్టు పేర్లు వచ్చినప్పుడు మామ పేరు లేదు. మ్యాచి జరిగింది, మనవాళ్లు ఓడిపోయినారు, పేపర్లో వేలెడంత వార్త వచ్చింది. దేవదానం తాత దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకోలేదు.

పాపం, ఆలస్యంగా వచ్చినాడు, సెలెక్టరు పోయినాడనుకున్నాడు, కళ్లు మూసుకోని మోకరించినాడు, ఆయన గదిలోనే ఉన్నట్టు చూసుకోలేదు అని కాంపౌండంతా ఒక మాటకొచ్చింది. ప్రార్థన కాబట్టి ఎవరూ నిలదీయలేదు. మా అమ్మ మాత్రం చచ్చేదాకా వదల్లేదు. కూర మాడినా, కరెంటు పోయినా, "ఆ పొద్దు ఒక్క తూరి కండ్లు తెరిచి సూసింటే నా తమ్ముడి బతుకు బాగుపడేది" అని దెప్పేది. నాయన ఉతికిన కట్టుగుడ్డలు చుట్టుకుంటా కూర్చునేవాడు. మళ్లీ ఎన్నడూ గొంతెత్తి ప్రార్థన చెయ్యలేదు. మామ వారం తిరక్కుండా పెట్టె సర్దుకోని కుప్పం వైపు వెళ్లిపోయినాడు, శాంతిపురం దగ్గర గ్రానైటు క్వారీలో పనికి కుదిరి ఆడనే ఉండిపోయినాడు. మా ఇంటి గడప తొక్కలేదు. నాయన పోయినప్పుడు వచ్చి, సమాధిలో పిడికెడు మన్ను వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కినాడు. ఆరోజు నాకు ఆయనమీద కోపంతో ఒళ్లు మండిపోయింది.

ఆ సీసా దొరికినాక ఎందుకో ఆయన్నే చూడాలనిపించింది. పుంగనూరులో బస్సు మారి కుప్పం చేరేసరికి పొద్దు వాలింది. ముందే ఫోను చేసినాను కాబట్టి మామ బస్టాండుకే వచ్చినాడు, తల నెరిసింది, మనిషి గట్టిగా ఉన్నాడు. టీ అంగట్లో బల్లమీద సీసా పెడితే, బిరడా తీసి చాలాసేపు వాసన చూసినాడు. ఏదో ఒకటి అనాలని, "నాయన ఆ పొద్దు పొరపాటున అన్నాడు మామా, ఆ సెలెక్టరాయన్ని చూసుకోలేదు" అన్నాను.

"సూసినాడు పాపా" అన్నాడు మామ. "తలుపుకాడ నిలబడి ఆ బెంగుళూరాయన్ని సూసినాడు, ఆమీద నన్ను సూసినాడు. నేను కండ్లు తెరుచుకోనే ఉండా. వద్దు బావా అని తల అడ్డంగా ఊపినా. నా కండ్లలోకి సూస్తానే మోకరించినాడు, సూస్తానే ప్రార్థన జేసినాడు. ఒక్కసారన్నా రెప్ప మూయలేదు."

"మరి ఇన్నేళ్లు యాల చెప్పలేదు?"

"చెప్పింటే మీ అమ్మ ఆయనకి బువ్వ పెట్టిండునా? పొరపాటనుకునింది కాబట్టి ఆ కాపరం నిలబడింది." సీసాకి బిరడా పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఆయన జేసింది మంచిదే. నేనే రోజూ అనుకుంటాండా. అయినా కోపం పోలేదు పాపా. పోగొట్టుకుందామని సూసినా, పోలేదు."

చివరి బస్సు కదులుతుందని కండక్టరు అరిస్తే మామ లేచి నా సంచి భుజాన వేసుకోని ముందు నడిచినాడు. ఆయన వెంట నడవలేక నాకు ఆయాసమొచ్చింది. నన్ను ఎక్కించి, చెయ్యి కూడా ఊపకుండా తిరిగి వెళ్లిపోతుంటే, కిటికీలోంచి ఆ కాళ్లనే చూస్తా కూర్చున్నాను. గ్రౌండులో ఇప్పుడు కార్లు నిలబెడుతున్నారు, ప్రార్థన గది లేదు, ఆ తాతలు లేరు, పోట్లాడుకునేదానికి దేవుణ్ని అడ్డం పెట్టుకునే శుక్రవారాలు లేవు, అమ్మ లేదు, చెయ్యని పొరపాటుకి బతుకంతా మాటపడిన మా నాయన లేడు. ఆయన కాపాడమని అడిగిన ఆ కుడికాలు మాత్రం, కుంటు లేకుండా, చీకట్లో టకటకా నడిచిపోతా ఉంది.